అయిదు బెజ్జాలు

పళ్ళ డాక్టరమ్మ సీట్ల మేస్త్రి దుకాణం చేరేసరికి అప్పటికే నాలుగు దుకాణాలు తిరిగి, నలుగురితోనూ పోట్లాడి ఉంది. అయిదోచోట పోట్లాడే ఓపిక లేక గుమ్మం పక్కనున్న ముక్కాలిపీట మీద కూలబడి, ముందు మంచినీళ్ళు అడిగి తాగింది, తర్వాత తన గోడు వెళ్ళబోసుకుంది.

"మొదటివాడు రెక్సిన్ వేస్తానన్నాడు మేస్త్రిగారూ. తోలుకీ దానికీ తేడా చూసేవాళ్ళకి తెలీదుట. కూర్చునేదాన్ని నేను కదా, నాకు తెలీదా అన్నాను. రెండోవాడు కుట్టడం దేనికమ్మా, జిగురు పెట్టి అంటించేస్తే సాయంత్రానికి పట్టుకుపోవచ్చు అన్నాడు. మూడోవాడు కంప్యూటర్లో ముప్ఫై రంగులు చూపించి, మీ పాత కారుని కొత్త కారులా మార్చేస్తానన్నాడు. కొత్త కారే కావాలనుకుంటే కొత్తదే కొనుక్కోనా, నీ దగ్గరికెందుకొస్తాను నాయనా అని లేచొచ్చేశాను."

"నాలుగోవాడు?" మేస్త్రి నవ్వాపుకుంటూ అడిగాడు.

"వాడు నిజాయితీపరుడే. నా వల్ల కాదమ్మా, ఈ పని సీట్ల మేస్త్రిది అన్నాడు. ఆ మాట ముందే చెప్పి ఏడవచ్చుగా! రెండు గంటలు కూర్చోబెట్టి అప్పుడు చెప్పాడు. దానికి పోట్లాడాను."

ఆమె ముప్ఫై ఏళ్ళ పైచిలుకు జనం నోళ్ళలోకి తొంగిచూసిన మనిషి. మెరిసే పన్ను లోపల ఎంత పుచ్చి ఉంటుందో తెలుసు కనక దేన్నీ పైపైన చూసి నమ్మదు. పైన పటారం లోన లొటారం అన్నది మనకైతే సామెత, ఆమెకు అన్నం పెట్టిన ఉద్యోగం. నాలుగో దుకాణంలో స్పాంజి మార్పించుకోడానికి ఎవరో తెచ్చి పడేసిన కారు సీటు ఒకటి కనబడితే, ఊరికే కూర్చోలేక దాన్ని తిరగేసి కుట్లు చూసింది. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం వెంట్రుకవాసి కూడా తేడా లేదు. మలుపు తిరిగే చోట ఒక్క ముడత లేదు. ఇది ఎవరి పనితనమని అడిగితే అతను మేస్త్రి పేరు చెప్పాడు.

"రెండేళ్ళయిందిట మీరది కుట్టి. రెండేళ్ళు జనం దాని మీద ఎక్కి దిగినా ఒక్క పోగు లేవలేదు. నా కారు సీట్లు ఆ చెయ్యే కుట్టాలి," అంది డాక్టరమ్మ.

మేస్త్రి నవ్వు ఆ 'రెండేళ్ళు' అన్నచోటే ఆగిపోయింది. రెండేళ్ళ కిందటి కుట్టు తనది కాదు. మూడేళ్ళుగా ఆ దుకాణం గడప దాటిన ఏ కుట్టూ తనది కాదు. అవన్నీ కుట్టిన మనిషి, దుకాణం మధ్యలో కట్టిన ముతక తెర వెనక, కిటికీ పక్కన కూర్చుని ఈ మాటలన్నీ వింటోంది. ఆమె అతని కోడలు.

"నలభై ఏళ్ళ అనుభవం కదమ్మా," అన్నాడు మేస్త్రి. అది అబద్ధమేం కాదు. డాక్టరమ్మ అన్నదానికి జవాబు మాత్రం కాదు.

అతని కుడిచేతి వణుకు మొదట టీ గ్లాసు దగ్గర బయటపడింది. చలి అనుకున్నాడు. వయసనుకున్నాడు. టీ ఎక్కువైందేమోనని టీ మానేసి చూశాడు. టీ పోయింది గాని వణుకు పోలేదు. కొడుక్కి ఈ పని పట్టలేదు, ఎక్కడో ఓడరేవులో క్రేన్ నడుపుతూ నెలకోసారి వచ్చిపోతాడు. కోడలు మాత్రం పిల్లని బడిలో దింపి వచ్చి, ఇంట్లో ఒక్కతీ ఉండలేక దుకాణంలో చెయ్యి వేసేది. పని నేర్పండి మామయ్యా అని అడిగితే, ఏడాదిపాటు దారానికి మైనం పట్టించడం తప్ప మేస్త్రి మరో పని చెప్పలేదు. మైనం ముద్ద మీద దారాన్ని లాగుతూ ఉండాలి, అంతే, అందులో నేర్చుకోడానికేం లేదు. అతని తండ్రి అతనికీ అలాగే చేశాడు మరి. ఆ ఏడాదిలో మిగతా పనంతా ఆమె కళ్ళతోనే నేర్చేసుకుంది.

ఒక మధ్యాహ్నం మేస్త్రి కునుకు తీసి లేచేసరికి, పొద్దున తను వంకరటింకరగా కుట్టిన గుడ్డ సీటు గీత గీసినట్టు కుట్టి ఉంది. కోడలు విప్పేసి మళ్ళీ కుట్టింది. గుడ్డ కాబట్టి బతికిపోయారు. గుడ్డలో పాత బెజ్జాలు గోటితో నాలుగుసార్లు రుద్దితే పూడుకుపోతాయి. ఆమె ఏమీ అనలేదు, అతనూ ఏమీ అడగలేదు. సాయంత్రం సీటు తాలూకు మనిషి వచ్చి "మీ చేతిలో ఏదో మహత్యం ఉంది మేస్త్రీ" అంటే, మేస్త్రి కిక్కురుమనకుండా ఆ పొగడ్తని జేబులో వేసుకున్నాడు.

అలా మొదలైంది. సొమ్మొకరిది, సోకొకరిది. మధ్యలో తెర కూడా అప్పుడే వచ్చింది. వీధి దుమ్ము తోలు మీద పడకుండా అని చెప్పాడు మేస్త్రి. దుమ్ము కిటికీలోంచి కూడా వస్తుందని కోడలికి తెలియక కాదు. పెద్దాయన ముఖం చిన్నబోతుందని ఊరుకుంది.

ఆ దుకాణానికి ఒక ఆచారం ఉండేది. మేస్త్రి తండ్రి పెట్టింది. సీటు చుట్టూ కుట్టేసి, ముందు అంచున మూరెడు మాత్రం తెరిచి ఉంచి, సీటు గలవాళ్ళని పిలిచేవాడు. "చెయ్యి పెట్టి చూసుకోండి. స్ప్రింగులున్నాయి, గోనె ఉంది, పీచు ఉంది. చిరిగిన చొక్కాలు కుక్కలేదు. చూసుకున్నారుగా, ఇక మూసేస్తున్నాను," అని వాళ్ళ కళ్ళెదుటే ఆ ఆఖరి మూరెడూ వంపుసూదితో చేత్తో కుట్టేవాడు. మూసే ముందు లోపలి చెక్క మీద సుద్దతో వంపుసూది బొమ్మ గీసేవాడు, అదే సంతకం. మేము మీ దగ్గర ఏమీ దాచలేదు అని చెప్పుకోడానికి పెట్టిన ఆచారం అది. దాన్ని మూడేళ్ళుగా మేస్త్రి ఏదో ఒక వంకతో దాటేస్తున్నాడు. వాన వచ్చేలా ఉందని మూసేశామనేవాడు, మీకు పనులుంటాయని మూసేశామనేవాడు.

డాక్టరమ్మ దగ్గర ఆ వంకలు సాగేలా లేవు. నాలుగోవాడు ఆచారం సంగతి కూడా ఆమె చెవిలో ఊది పంపించాడు.

"ఆఖరి కుట్టు నా ఎదురుగా పడాలి. ఆ రోజు నేనింకో పని పెట్టుకోను," అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి మరో మాట అంది. "మీ చెయ్యి అదృష్టం చేసుకుంది మేస్త్రిగారూ. నాది మూడేళ్ళ కిందట ఓ పొద్దున పటకారు పట్టుకుంటే వణికింది. కుర్చీలో ఉన్నాయన్ని లేపి ఇంకో డాక్టరు దగ్గరికి పంపించేసి, తలుపుకి తాళం వేసి ఇంటికెళ్ళిపోయాను. మళ్ళీ ఒక్క పన్ను ముట్టుకుంటే ఒట్టు."

మేస్త్రి కుడిచేతిని తొడ కిందికి తోసేసుకుని, "అలాగేనమ్మా, మీ ఎదురుగానే," అన్నాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టుంది అతని పరిస్థితి.

ఆ కారుది గుండ్రటి వీపు, పచ్చటి రంగు. డాక్టరమ్మ తొలి సంపాదనతో ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట కొనుక్కుంది. పురుళ్ళకి ఆ సీట్లోనే కూర్చుని వెళ్ళింది, భర్తని ఆఖరిసారి ఆసుపత్రికి ఆ సీటు పక్కనే కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళింది. అందుకే పాత సీట్లు ఎలా ఉండేవో అలాగే కావాలి, అణువంత తేడా రాకూడదు. కోడలు పాత తొడుగుల్ని ఒక్కొక్క కుట్టే విప్పి, ముక్కల్ని బరువు కింద పెట్టి సాపు చేసి, వాటి అంచుల వెంట కొత్త తోలు మీద సుద్దగీత గీసింది. చింతపిక్క రంగు తోలు. తోళ్ళ వ్యాపారి దగ్గర ఆ రంగుది ఒక్కటే మిగిలింది. "ఇదయిపోతే మళ్ళీ ఈ రంగు నా జన్మలో రాదు," అని చెప్పి మరీ ఇచ్చాడు. సీట్లన్నిటికీ కోశాక అరచెయ్యంత ముక్కలు తప్ప ఇంకేం మిగల్లేదు.

అయిదు వారాలు పట్టింది. వెనక సీటు అయింది, ముందు వరసలో పక్క సీటు అయింది. నడిపేవాళ్ళ సీటు చుట్టూ కుట్టేసి, ముందు అంచున మూరెడు తెరిచి ఉంచింది కోడలు.

"రేపు డాక్టరమ్మగారొస్తారు మామయ్యా. ఈ మూరెడు ఏం చేద్దాం?"

"నేను వేస్తాను."

"గుడ్డ కాదు మామయ్యా, తోలు."

"తోలేదో గుడ్డేదో నాకు చెప్తున్నావా? నువ్వు పుట్టకముందు నుంచీ కుడుతున్నాను."

కోడలు మెల్లిగా అంది. "పోనీ చెప్పేద్దాం మామయ్యా. మంచావిడలాగే ఉన్నారు. మీరు పక్కన కూర్చోండి, నేను కుడతాను."

"ఏమని చెప్పాలి? కోడలి చేత కుట్టించి నా పేరు పెట్టుకుని బతుకుతున్నానని చెప్పాలా? వీధిలో తలెత్తుకు తిరగొద్దూ?"

కోడలు సీటు మీద దుప్పటి కప్పేసి ఇంటికి వెళ్ళింది.

మర్నాడు కోడలు పిల్లని బడికి తీసుకెళ్ళే వేళకి మేస్త్రి దుకాణం తలుపులు తీసేశాడు. రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు. తోలుకి సూది ఊరికే దిగదు, ముందు ఆరెతో బెజ్జం పొడవాలి. కష్టమంతా ఆ పొడవడంలోనే ఉంది. డాక్టరమ్మ రాకముందే తీరుబడిగా బెజ్జాలు పొడిచి పెట్టేసుకుంటే, ఆమె ఎదురుగా దారం దూర్చడమే మిగులుతుంది. దారం దూర్చడానికి చెయ్యి కాస్త వణికినా పెద్దతనం అనుకుంటారు. ఏమీ దాచలేదని చెప్పుకునే కుట్టుని అలా దాచిపెట్టి వెయ్యబోయాడు మహానుభావుడు.

కళ్ళజోడు ఇంట్లో వదిలేసి వచ్చాడు. అది పెట్టుకుంటే సగం మేస్త్రి అయిపోతానని అతని భయం. ఎడమచేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకుని, సుద్దగీత మీద ఆరె ఆనించి నొక్కాడు. మొదటి బెజ్జం గీత మీదే పడింది. రెండోదీ పడింది. "చూశావా!" అన్నాడు పైకే, ఎవరూ లేని దుకాణంలో. మూడోది నొక్కుతుండగా చెయ్యి ఎగిరింది. గీతకి బియ్యపుగింజంత పైన పడింది బెజ్జం. దాన్ని సరిచేద్దామని పక్కన ఇంకోటి పొడిచాడు. అది ఇంకా పైకి పోయింది. ఆగాల్సింది అక్కడ. ఆగితే ఓడిపోయినట్టని మొండికేసి మరో మూడు పొడిచాడు. ఆరె కింద పెట్టేసరికి సీటు ముందంచున, కారు తలుపు తియ్యగానే కళ్ళు పడేచోట, గీత తప్పిన బెజ్జాలు అయిదు ఉన్నాయి.

గోటితో రుద్దాడు. ఉమ్మి తడి చేసి రుద్దాడు. మైనం పూశాడు. మైనం పూస్తే అవి ఇంకా స్పష్టంగా కనబడ్డాయి. "గుడ్డ క్షమిస్తుందిరా, తోలు క్షమించదు" అనేవాడు అతని తండ్రి. ఆ చింతపిక్క రంగు తోలు మరి లేదు.

వీధిలో మాటలు వినబడ్డాయి. కోడలూ డాక్టరమ్మా మలుపు దగ్గర కలిసినట్టున్నారు, నవ్వుకుంటూ వస్తున్నారు. కోడలి చేతిలో టీ ఫ్లాస్కు ఉంది. మేస్త్రి బెజ్జాల మీద అరచెయ్యి కప్పాడు. ఎంతసేపు కప్పుతాడు? డాక్టరమ్మ వచ్చి సీటు ముందు వంగింది. అతను చెయ్యి తీశాడు.

"ఏమిటివి?" అంది.

అప్పుడు ఆ నోట ఆ మాట ఎలా వచ్చిందో, తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా మేస్త్రికి అర్థం కాలేదు.

"మా కోడలమ్మా. నేను వచ్చేలోపల తొందరపడి ఆరె పెట్టేసింది. ఇంకా నేర్చుకుంటోంది కదా, పేనుకి పెత్తనమిస్తే తలంతా కొరికిందని..."

ఆడలేక మద్దెల ఓడన్నవాడు కూడా నింద మద్దెల మీద వేశాడు గాని ఇంటి కోడలి మీద వెయ్యలేదు.

కోడలు ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. మామగారి వంక ఒక్కసారి చూసింది. మేస్త్రి బల్ల మీదున్న సుత్తిని తీసి, ఇంకోచోట పెట్టి, మళ్ళీ మొదటిచోటే పెట్టాడు.

"నువ్వా అమ్మాయ్?" డాక్టరమ్మ గొంతు లేచింది. "నేర్చుకోడానికి నా సీటే దొరికిందా? అడుగుతుంటే మాట్లాడవేం, నోట్లో నాలుక లేదా?"

కోడలు మామగారి నోటివైపే చూస్తూ కాసేపు ఆగింది.

"మామయ్య చెప్పారు కదండీ," అంది.

డాక్టరమ్మ అయిదు బెజ్జాల మీదా వేలు పెట్టి ఒక్కొక్కటీ తడిమింది. పుచ్చిన పళ్ళు లెక్కపెట్టినట్టే లెక్కపెట్టింది. "అయిదు వారాలు ఆగాను. అయిదు దుకాణాలు తిరిగాను. రేపు బండి తెచ్చుకుంటాను, ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్యండి," అని టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

కోడలు నడుముకి కట్టుకున్న పని గుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి, మేకుకి తగిలించింది. "నేను ఇంటికెళ్తున్నాను మామయ్యా," అంది. మామూలుగా చెప్పినట్టే చెప్పింది.

తిట్టినా బాగుండేది. తలుపు దబామని వేసినా బాగుండేది. మధ్యాహ్నం అతను భోజనానికి వెళ్తే అన్నీ ఎప్పటిలాగే వడ్డించి, మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టింది. గ్లాసులో సగానికే నీళ్ళున్నాయి. మూడేళ్ళుగా ఆ ఇంట్లో అతని గ్లాసు సగమే నిండుతుంది. కోడలికి నీళ్ళ దగ్గర కూడా పీనాసితనమేనని మనసులో చాలాసార్లు విసుక్కున్నాడు. ఆ మధ్యాహ్నం గ్లాసు ఎత్తబోతే చెయ్యి వణికింది, నీళ్ళు గ్లాసులోనే ఊగాయి, కంచం మీద ఒక్క చుక్క ఒలకలేదు. మేస్త్రికి అప్పుడు తెలిసింది. ఇవాళ కూడా, ఇంత జరిగాక కూడా, ఆమె సగమే పోసింది. సిగ్గుతో తల వంచుకుని కంచంలో వేలు పెట్టి కలుపుతూ కూర్చున్నాడు.

"రేపు దుకాణానికి రామ్మా. ఆవిడకి నిజం చెప్పేస్తాను," అన్నాడు లేస్తూ.

"వస్తాను," అంది ఆమె.

మర్నాడు డాక్టరమ్మ వచ్చేసరికి మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. ఏం చెప్పాలో నాలుగుసార్లు మననం చేసుకున్నాడు. కోడలు తెర పక్కన నిలబడింది, పని గుడ్డ మేకు మీదే ఉంది.

"డాక్టరమ్మగారూ, ఆ నాలుగో దుకాణంలో మీరు చూసిన కుట్టు నాది కాదు. మూడేళ్ళుగా ఇక్కడ పడ్డ ప్రతి కుట్టూ మా కోడలిదే. నా చెయ్యి పనికిరాదు. ఆ అమ్మాయి కుడితే నా పేరు పెట్టుకున్నాను." అని తెర పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. తీగతో సహా ఊడి కింద పడింది. కిటికీ, దాని పక్కన కోడలి పీట, గోడకి వరసగా వేలాడదీసిన సూదులు, అన్నీ బయటపడ్డాయి. మేస్త్రికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఎంత ధైర్యం చేశానని తన మీద తనకే కాస్త మెచ్చుకోలు కూడా కలిగింది.

డాక్టరమ్మ తెరనీ, పీటనీ, కోడల్నీ చూసింది. "అంటే నేను వెతుక్కుంటూ వచ్చింది ఈ అమ్మాయి కోసమా?"

"అవునమ్మా."

"అంటే కుట్టిందీ ఈ అమ్మాయే, నా తోలు పాడుచేసిందీ ఈ అమ్మాయే!"

అక్కడ అతను ఒక్క మాట చెప్పాల్సింది. తల మాత్రం అవునన్నట్టు ఊగింది. సగం నిజం చెప్పిన మనిషికి మిగతా సగం దాచుకోవడం ఎంత తేలికో! ఊగిన తలని కప్పిపుచ్చుకోడానికన్నట్టు బల్ల మీది సుద్దముక్క తీసి కోడలి ముందు చాచాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. "ఇకమీదట నీ గుర్తు నువ్వే వేసుకోమ్మా. నా సూది బొమ్మ ఇంకొద్దు."

కోడలు సుద్ద అందుకోలేదు.

"ముందు ఆ బెజ్జాలెవరు పొడిచారో చెప్పండి మామయ్యా. సుద్ద సంగతి తర్వాత."

చాచిన చేతిలో సుద్ద వణుకుతోంది. ముగ్గురూ దాన్నే చూస్తున్నారు.

"నేనే," అన్నాడు సీటువైపు చూస్తూ.

"నాకు తెలుసు. ఆవిడకి చెప్పండి."

డాక్టరమ్మవైపు తిరగడానికి అతనికి చాలాసేపు పట్టింది. "నేనేనమ్మా. నిన్న పొద్దున ఈ అమ్మాయి దుకాణంలో లేదు, పిల్లని బడికి తీసుకెళ్ళింది. మీ ఎదుట పరువు నిలుపుకుందామని నేనే దొంగచాటుగా పొడిచాను. అయిదూ నావే. ఈ అమ్మాయి చేతి బెజ్జం ఒక్కటి కూడా గీత తప్పదు."

డాక్టరమ్మ అతని కుడిచేతిని పట్టుకుని, సుద్ద తీసి బల్ల మీద పెట్టి, అరచెయ్యి తిప్పి చూసింది. చాలామంది నోళ్ళు చూసిన కళ్ళతోనే చూసింది.

"ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు దాటింది."

"చెయ్యి వణికితే అది మీ తప్పు కాదు. బెజ్జాల గురించి కూడా నాకు కోపం లేదు మేస్త్రిగారూ. నిన్న ఈ పిల్లని నా ఎదుట అలా నిలబెట్టారు చూడండి..." ఆమె ఆ మాట పూర్తి చెయ్యలేదు. కోడలివైపు తిరిగింది. "నోట్లో నాలుక లేదా అని నేనూ నోరు పారేసుకున్నాను. మనసులో పెట్టుకోకు తల్లీ."

బయటి మనిషి, ఏ పాపం ఎరగని మనిషి, ముందుగా క్షమాపణ అడిగేసింది. ఇంటి పెద్ద ఇంకా అడగలేదు. "తప్పైపోయిందమ్మా," అన్నాడు మేస్త్రి.

ఫరవాలేదు మామయ్యా అంటుందని అతను ఎదురుచూశాడు. అనలేదు. కోడలు మేకు మీంచి పని గుడ్డ తీసి నడుముకి కట్టుకుని, సీటు ముందు కూర్చుని, బెజ్జాల మీద కొలత వేసింది.

"అంచుపట్టీని అరవేలు పైకి జరిపితే మూడు దాని కిందికి పోతాయండీ. రెండు పోవు. అవి కనిపిస్తూనే ఉంటాయి. అబద్ధం చెప్పలేను," అంది డాక్టరమ్మతో.

"కనబడనీ. నువ్వు కుట్టు, నేను చూస్తాను."

డాక్టరమ్మ ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. తెరిచి ఉన్న మూరెడులోంచి చెయ్యి లోపలికి పెట్టి స్ప్రింగులు తడిమింది, గోనె తడిమింది, పీచు నొక్కి చూసింది. కోడలు సుద్ద తీసుకుని వంగి లోపలి చెక్క మీద ఏదో గీసింది. ఏం గీసిందో మేస్త్రి తొంగిచూడలేదు. చూడ్డానికి ముఖం చెల్లలేదు.

వంపుసూది అందుకుని దారం లాగి చూసిన కోడలు తలెత్తకుండానే అంది, "ఇది పోగు లేస్తోంది. మైనం పట్టించండి మామయ్యా."

మైనం ముద్ద కిటికీ దగ్గర, పని నేర్చుకునేవాళ్ళు కూర్చునే పొట్టి పీట పక్కన ఉంది. మేస్త్రి వెళ్ళి ఆ పీట మీదే కూర్చున్నాడు. దారాన్ని ముద్దమీద ఆనించి లాగాడు. చెయ్యి వణుకుతూనే ఉంది, దారానికి మైనం పడుతూనే ఉంది. నలభై ఏళ్ళ కిందట తండ్రి దగ్గర మొదలుపెట్టిన చోటికి వచ్చి కూర్చున్నాడు.

కోడలు కుడుతుంటే అతను మొదటిసారి ఎదురుగా కూర్చుని చూశాడు. ఇన్నాళ్ళూ తెర ఇవతల కూర్చుని చూడని పని అది. సూది తోలులోకి దిగి, ఎక్కడ రావాలో అక్కడే పైకి వస్తోంది. తను ఎంత బాగా కుట్టిన రోజుల్లోనూ ఇంత బాగా కుట్టలేదని మేస్త్రికి తెలిసింది.

మూరెడూ మూసుకుంది. చింతపిక్క రంగు మీద రెండు చిన్న బెజ్జాలు మిగిలాయి. డాక్టరమ్మ వాటి మీద వేలు పెట్టి అడిగింది.

"రేపు నా కారెక్కినవాళ్ళు ఇవేమిటని అడుగుతారు. ఏం చెప్పమంటారు?"

మేస్త్రి పొట్టి పీట మీంచి లేవలేదు. చేతిలో దారం వైపు చూస్తూ చెప్పాడు.

"కుట్టు ఎవరిదని అడిగితే ఈ అమ్మాయి పేరు చెప్పండమ్మా. బెజ్జాలు ఎవరివని అడిగితే నా పేరు చెప్పండి."

కోడలు ముడి వేసి దారం తెంపి, ఇంకో పోగు కోసం అతనివైపు చెయ్యి చాచింది.